లాప్‌టాప్ బ్యాటరీ: ఎంచుకొను విధము

పూతరేకులు కొనుటకు మా ఆత్రేయపురము వచ్చువారు అంగడి ముంగిట నిలిచి మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "ఎప్పుడు చేసినవండి?" నేతి మాట, బెల్లపు మాట తరువాతి సంగతి. చుట్టిన పూతరేకు లోపలి పొరలు కంటికి కనబడవు. నోట పెట్టుకొనువఱకు దాని గుణము తెలియదు. కావున అడుగదగినది అడిగి, చెప్పువాని ముఖము చూచి, ఆ పిమ్మట కొందురు. ఈనాడు నేను మాటలాడబోవునది పూతరేకులను గూర్చి కాదు. లాప్‌టాప్ అని మనమందఱము పిలుచుకొను చిన్న కంప్యూటరులోని బ్యాటరీని గూర్చి. అదియు పొరల వస్తువే. దాని లోపలి పొరలును కంటికి కనబడవు. కాని దానిని కొనునప్పుడు మాత్రము మనలో చాలమంది ఆ ప్రశ్న అడుగరు. నేనును అడుగలేదు. అడుగకపోవుటవలన ఏమైనదో మొదట చెప్పెదను.

నేను బడిలో భౌతికశాస్త్రము చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాడను. మా వీధిలోనే పూతరేకులు చేయు కుటుంబమొకటి కలదు. తల్లి తెల్లవాఱుజామున పొయ్యి వెలిగించి, బోర్లించిన కుండమీద పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డ పఱచి రేకులు తీయును. 2020లో బడులు మూతపడి పాఠములు తెరమీదికి మాఱినప్పుడు, తొమ్మిదవ తరగతి చదువుచున్న కూతురి కొఱకు ఆమె అప్పుచేసి ఒక లాప్‌టాప్ కొన్నది. ఆ పిల్ల ఇప్పుడు ఇంజనీరింగు చదువుచున్నది. పగలు పాఠములు, రాత్రి ఇంటి వ్యాపారపు లెక్కలు, దూరపు ఊళ్ళనుండి వచ్చు ఆర్డర్లు — అన్నియు ఆ యంత్రము మీదనే.

నాలుగేండ్లు గడచుసరికి బ్యాటరీ నీరసించినది. కరెంటు పోయిన పావుగంటకే తెర ఆఱిపోవుచుండెను. పిల్ల రెండు ధరలు తెలిసికొని నాయొద్దకు వచ్చినది. ఒకటి 4,200 రూపాయలు, ఒకటి 1,600. చౌకదాని బొమ్మ ఫోనులో చూపి, "మాస్టారూ, పాతదానిమీద 3,680 అని ఉందండి. దీనిమీద 5,200 అని ఉంది. ధర తక్కువ, బలం ఎక్కువ. ఇదే మేలు కదండీ?" అని అడిగినది. నేను కండ్లద్దములు సవరించుకొని ఆ పెద్ద అంకెను చూచితిని. "ఇదే మేలమ్మా" అంటిని.

అయిదు నెలలు తిరుగకముందే ఒక సాయంకాలము ఆ పిల్ల మరల వచ్చినది. "మాస్టారూ, టచ్‌ప్యాడు పైకి లేస్తోందండి. నొక్కితే దిగుతోంది గాని మళ్ళీ లేస్తోంది" అని నాయెదుటనే వ్రేలితో నొక్కి చూపినది. నా గుండె గుభేలుమన్నది. లోపల బ్యాటరీ ఉబ్బియున్నది. ఉబ్బిన బ్యాటరీని పైనుండి నొక్కుట యనగా నిప్పుతో చెలగాటమాడుట. వెంటనే యంత్రమును ఆర్పించి, తీగ ఊడదీయించి, మఱునాడు పని తెలిసినవానిచేత దానిని బయటికి తీయించితిమి. దైవవశమున ఏ హానియు జరుగలేదు.

తల్లి నన్ను ఒక్క మాటయు అనలేదు. పొయ్యి దగ్గఱనుండి తలయెత్తి, "మళ్ళీ ఎన్ని రేకులు తియ్యాలండి?" అని మాత్రము అడిగినది. అది నిష్ఠూరము కాదు, ఆమె లెక్క. కాని ఆ మాట నాతో ఇంటివఱకు వచ్చినది.

ఆ రాత్రి బ్యాటరీ మీది చీటీ ఫోటోను ముందు పెట్టుకొంటిని. 11.4 వోల్టులు అని యున్నది. 5,200 మిల్లీ ఆంపియరు-గంటలు, అనగా 5.2 ఆంపియరు-గంటలు, అని యున్నది. రెంటిని గుణించితిని. 59 వాటు-గంటలకు పైగా వచ్చినది. అదే చీటీ మీద చిన్న అక్షరములలో 42 వాటు-గంటలని అచ్చువేసియున్నది! ఒక చీటీ మీది రెండంకెలు ఒకదానినొకటి అబద్ధమనుచున్నవి. ఎన్నో ఏండ్లు పిల్లలచేత చేయించిన గుణకారమును నేను ఆనాడు చేయలేదు. చేసియున్నచో ఆ తల్లి 1,600 రూపాయలు నిలిచియుండెడివి.

ఆ పశ్చాత్తాపముతో నేర్చుకొన్నది మీతో పంచుకొందును.

మొదటి ప్రశ్న: బ్యాటరీ మార్చవలసిన అవసరము నిజముగా నున్నదా? దీనిని ఊహతో తేల్చనక్కఱలేదు. విండోస్ మీద నడుచు యంత్రములో కమాండ్ ప్రాంప్ట్ అను నల్లని కిటికీని తెఱచి, ఇంగ్లీషులో పి, ఓ, డబ్ల్యు, ఇ, ఆర్, సి, ఎఫ్, జి అను ఎనిమిది అక్షరములను కలిపి కొట్టవలెను. ఒక ఖాళీ విడిచి, ఒక ఏటవాలు గీత కొట్టి, ఆ గీతను ఆనుకొని బ్యాటరీరిపోర్ట్ అను మాటను ఎడము లేక ఇంగ్లీషులోనే కొట్టవలెను. యంత్రము ఒక నివేదిక తయారుచేసి, అది ఎక్కడ దాచినదో చెప్పును. అందులో డిజైన్ కెపాసిటీ యనునది బ్యాటరీ పుట్టిననాటి శక్తి. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ యనునది నేడు అది నింపుకొనగల శక్తి. మా పిల్ల పాత బ్యాటరీకి మొదటిది 42,000 మిల్లీ వాటు-గంటలు, రెండవది 17,000. అనగా నూటికి 40 పాళ్ళు మాత్రమే మిగిలియున్నది.

నూటికి 80 పాళ్ళకు పైగా మిగిలియున్నచో బ్యాటరీ నిర్దోషి. లోపము మఱియొకచోట వెదుకవలెను. ఛార్జరు చెడియుండవచ్చును, లోపలి పంకా దుమ్ముతో నిండి యంత్రము వేడెక్కుచుండవచ్చును. సగమునకు దిగినప్పుడు మార్చుటను గూర్చి ఆలోచింపవచ్చును. అప్పుడైనను ఇంకొక ప్రశ్న కలదు: యంత్రమునకు అంత ఖర్చు తగునా? విండోస్ 10కు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. యంత్రము తరువాతి విండోస్‌ను స్వీకరింపలేనంత పాతదైనచో, బ్యాటరీ మీద వేలు పోయుటకు ముందు ఒక దినము ఆగి యోచించుట మంచిది. ఇంటిలో ఇన్వర్టరు కలిగి, యంత్రము బల్లను విడువనిదైనచో మఱికొంతకాలము జరుపుకొనవచ్చును. కాని ఉబ్బిన బ్యాటరీకి మాత్రము ఈ వాయిదా వర్తింపదు. దానిని ఆనాడే మానవలెను.

ఇక ఈ వస్తువు లోపల ఏమున్నదో కొంచెము చూతము. వీనిని లిథియం-అయాన్ బ్యాటరీలందురు. 1991లో జపాను దేశపు సోనీ సంస్థ వీనిని మొట్టమొదట విపణిలోనికి తెచ్చినది. వీనికి పునాదులు వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. బ్యాటరీలోని ఒక్కొక్క గదిని సెల్లు అందురు. అందులో గ్రాఫైటు పూసిన రాగి రేకు ఒకటి, లిథియము గల లోహపు ఆక్సైడు పూసిన అల్యూమినియము రేకు ఒకటి, ఆ రెండును తాకకుండ నడుమ సన్నని రంధ్రములు గల ప్లాస్టిక్కు పొర ఒకటి ఉండును. ఈ పొరలను చుట్టియో, దొంతిగా పేర్చియో, ద్రవములో తడిపి, గాలి చొరకుండ మూసివేయుదురు. ఛార్జి చేయునప్పుడు లిథియము అయానులు ఆ నడిమి పొరను దాటి గ్రాఫైటులోనికి పోయి కూర్చుండును. వాడుకొనునప్పుడు తిరిగి వచ్చును. ఈ రాకపోకలే బ్యాటరీ జీవితము.

రేకు తీయువారికి ఒక రహస్యము తెలియును: పూత సమముగా లేనిచో రేకు చినుగును. చినిగిన రేకును ప్రక్కన పెట్టి మఱియొకటి తీయుదురు. సెల్లులో నడిమి పొర చినిగినచో ప్రక్కన పెట్టుటకు వ్యవధి యుండదు. రెండు లోహములు కలిసి, వేడి పుట్టి, ఆ వేడి మఱింత వేడిని పుట్టించి, మంట లేవవచ్చును. ఆ ద్రవము చెడి వాయువు పుట్టినప్పుడు పైసంచి ఉబ్బును. కావున నాసిరకపు బ్యాటరీ వలని నష్టము డబ్బుతో ఆగిపోవునని అనుకొనరాదు. పిల్లలు దానిని ఒడిలో పెట్టుకొని చదువుకొందురు.

ఇప్పుడు చీటీ మీది అంకెలు. మా మండలములోని లొల్ల లాకులు చూచినవారికి ఇవి సులభముగా తెలియును. ధవళేశ్వరము నుండి వచ్చు కాలువ నీటిని ఆ లాకులు ఒక మట్టమునకు నిలిపి దిగువకు వదలును. లాకు ఎగువ మట్టమునకును దిగువ మట్టమునకును గల ఎత్తు భేదము వోల్టుల వంటిది. నిలువయున్న నీటి పరిమాణము ఆంపియరు-గంటల వంటిది. ఆ నీరంతయు ఆ ఎత్తునుండి దిగి చేయగల మొత్తము పని వాటు-గంటలు. కావుననే వోల్టులను ఆంపియరు-గంటలతో గుణించినచో వాటు-గంటలు రావలెను. రానిచో ఆ చీటీని నమ్మరాదు. మిల్లీ ఆంపియరు-గంటలలో నున్న అంకెను మొదట వేయితో భాగించుట మఱువకుడు.

వోల్టులలో పాతదానికి క్రొత్తదానికి పొత్తు కుదురవలెను. రెండు మట్టములు సమానము కానిదే లాకులో పడవను వదలరు గదా! ఒక్కొక్క సెల్లు సుమారు 3.6 లేక 3.7 వోల్టులు. మూడు సెల్లులు వరుసగా నున్నచో 10.8 లేక 11.1, నాలుగున్నచో 14.4 లేక 14.8. కావున 10.8, 11.1 అను రెండును మూడు సెల్లుల వరుసకే రెండు పేర్లు. వానిని చూచి భయపడనక్కఱలేదు. కాని 11.1 ఉండవలసినచోట 14.8 పెట్టరాదు. ఇటీవలి పలుచని యంత్రములలో 7.6, 11.4, 15.2 అను అంకెలు కనబడును. ఆ సెల్లులు కొంచెము పైమట్టము వఱకు నిండునవి. అట్టిచోట పాతదాని అంకెనే క్రొత్తదాని మీదను వెదకుట క్షేమము.

శక్తి విషయములో వాటు-గంటలను వాటు-గంటలతోనే పోల్చవలెను. అదే పరిమాణము, అదే మందము గల పెట్టెలో పాతదానికంటె ఒకటిన్నర రెట్లు శక్తి పట్టినదని ఎవరైన చెప్పినచో, మానెడు కుండలో మానెడున్నర పాలు పోసితినన్నట్లే. ఊడదీయుటకు వీలైన పాత తరహా బ్యాటరీలలో గుండ్రని సెల్లులుండును. అవి 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు గలవి. అట్టి ఒక్క సెల్లు సుమారు 3,500 మిల్లీ ఆంపియరు-గంటలకు మించి నిలుపుకొనుట కష్టము. మూడు జతలుగా ఆఱు సెల్లులున్న బ్యాటరీ మీద 9,000 అని అచ్చువేసినచో అది కల్ల. ఆ సెల్లు ఒక్కొక్కటి 45 గ్రాములకు అటునిటుగా తూగును. పాతదానిని, క్రొత్తదానిని వంటింటి త్రాసులో పెట్టి చూడుడు. క్రొత్తది మఱీ తేలికయైనచో లోపల వస్తువు తగ్గినట్లే.

తరువాత పేరు. లాప్‌టాప్ మోడలు పేరొక్కటి చాలదు. ఒకే పేరుతో, ఒకే యేట వచ్చిన యంత్రములలోనే రెండు తరహాల బ్యాటరీలుండవచ్చును. మరచీల రంధ్రములు, తీగ పొడవు, కొస అమరిక వేఱుగా నుండవచ్చును. పాత బ్యాటరీ మీదనే దాని పార్టు నంబరు అచ్చువేసియుండును. ఆ చీటీని ఫోటో తీసి, ఆ నంబరునకే క్రొత్తది అడుగవలెను. లోపల బిగించిన బ్యాటరీయైనచో మూత విప్పి చూచి చెప్పుమని పనివానిని అడుగుట మేలు.

ఇప్పుడు మా ఊరి ప్రశ్నకు వచ్చితిమి: ఎప్పుడు చేసినది? లిథియం బ్యాటరీ వాడినను ముసలియగును, వాడకున్నను ముసలియగును. సాధారణముగా 300 మొదలు 500 సార్లు పూర్తిగా నింపి వాడుసరికి దాని శక్తి గుర్తింపదగినంతగా తగ్గును. సగము చొప్పున రెండుమారులు వాడినచో ఒక్కసారిగా లెక్క. ఇది వాడుక వలని ముసలితనము. వేడి గోదాములో నిండు ఛార్జితో పడియున్న బ్యాటరీ ఎవరును వాడకుండగనే శక్తిని పోగొట్టుకొనును. అందుచేత ఇది ముందుగా కొని బీరువాలో దాచుకొనదగిన వస్తువు కాదు. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నియమముల ప్రకారము డబ్బామీద తయారైన నెల, సంవత్సరము, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయదగిన చిరునామా ఉండవలెను. ఏడాదికి లోపలి తేదీయైనచో సంతోషము. తేదీయే లేనిచో వెనుదిరుగుడు.

ఇందువలన ఇంకొక సంగతి తేలుచున్నది. యంత్రము చేసిన సంస్థవారి అసలు బ్యాటరీయే ఎల్లప్పుడు మేలని చెప్పుటకు వీలులేదు. పాత మోడళ్ళకు ఆ సంస్థలు తయారీ మానియుండును. అప్పుడు అసలు సరకు అను పేర దొరకునది ఎన్నో ఏండ్లు గోదాములో నిద్రించినది కావచ్చును. ఆ నిలువ సరకుకంటె, పేరు, చిరునామా గల మఱియొక తయారీదారుడు ఇటీవల చేసిన బ్యాటరీ మేలు. అసలుది క్రొత్తదై దొరకినచో దానికి సాటిలేదు. కొన్ని యంత్రములు ఇతరుల బ్యాటరీని గుర్తింపక ఛార్జి చేయుటకే నిరాకరించును. అట్టి యంత్రమైనచో సరిపడనిదానిని తిరిగి తీసికొందురా యని ముందే అడుగవలెను. లోపలి సెల్లులు మాత్రమే మార్చి పాత పెట్టెనే ఇచ్చెదమను చిన్న దుకాణములు కలవు. సెల్లుల జోడింపు, కాపుదలకై అమర్చిన చిన్న సర్క్యూటు తెలిసి చేయవలసిన పని. ఇంటిలో పిల్లలు వాడు యంత్రమునకు ఆ మార్గమును నేను సూచింపను.

మనదేశములో లిథియం బ్యాటరీలకు భారత ప్రమాణముల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. చీటీమీద ఐ.ఎస్. 16046 అను ప్రమాణపు సంఖ్యయు, ఆర్ అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు ఉండవలెను. ముద్ర ఎవరైనను అచ్చువేయవచ్చును; కావున చూచి ఊరకొనరాదు. ఆ సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అను యాపులో ఆ సంఖ్యను కొట్టినచో, అది ఎవరి పేర, ఏ వస్తువునకు ఇచ్చినదో తెలియును. ఇది ఒక్క నిమిషపు పని.

పేరు గలవారి యొద్ద మాత్రము తప్పులు జరుగవా యని మీరు అడుగవచ్చును. జరుగును. 2006 ఆగస్టులో డెల్ సంస్థ తన లాప్‌టాప్‌లలోని సోనీ సెల్లుల బ్యాటరీలను, వేడెక్కి మంటలు లేచు ప్రమాదమున్నదని, 41 లక్షల వఱకు వెనుకకు పిలిపించినది. అంత పెద్ద సంస్థలును పొరపడినవి. కాని ఏ బ్యాటరీ ఎవరు చేసినదో, ఎప్పుడు చేసినదో వ్రాసియున్నందున గదా అన్నింటిని వెనుకకు పిలువగలిగిరి! పేరు లేని బ్యాటరీని ఎవరు వెనుకకు పిలుతురు? ధరలోని భేదము మనము ఆ పేరునకు, ఆ జవాబుదారీకి ఇచ్చు వెల. 2022 సెప్టెంబరులో మన తిరుపతిలోనే లిథియం సెల్లుల కర్మాగారమొకటి పరీక్షోత్పత్తి ఆరంభించినది. రేపు మన నేలమీద చేసిన సెల్లులే మన యంత్రములలోనికి వచ్చినను అడుగవలసిన ప్రశ్నలివియే.

రసీదు తప్పక తీసికొనుడు. అందులో పార్టు నంబరు, వారంటీ కాలము వ్రాయింపుడు. ఉబ్బుటకు కూడ వారంటీ వర్తించునా యని నోరు తెఱచి అడుగుడు. మోసపోయినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 అను నంబరున ఫోను చేయవచ్చును. రసీదు లేనివాని మొఱ నిలుచుట కష్టము.

బ్యాటరీ బిగించిన పిమ్మట ఇందాకటి నివేదికను మరల తీయుడు. నేటి శక్తి, పుట్టిననాటి శక్తికి దాదాపు సమానముగా నుండవలెను. ఎన్నిమారులు ఛార్జి చేసినదను సైకిల్ కౌంట్ అంకె సున్నకు చేరువగా నుండవలెను. ఐనను ఆ లెక్కలు చెప్పునది బ్యాటరీలోని చిప్పే. దానిచేత అబద్ధమాడించువారును కలరు. గడియారముచేత అబద్ధమాడించుట కష్టము. నిండుగా ఛార్జి చేసి, తీగ ఊడదీసి, మామూలు పని చేసికొనుచు ఎన్ని గంటలు నిలిచినదో ఒక కాగితము మీద వ్రాసికొనుడు. తిరిగి ఇచ్చుటకు గడువుండగనే ఈ పరీక్ష ముగింపవలెను.

ఇన్వర్టరు బ్యాటరీకి, పాత నికెల్-కాడ్మియము బ్యాటరీలకు చెప్పిన పద్ధతులను దీనికి అంటగట్టరాదు. పూర్తిగా ఖాళీచేసిన పిమ్మటనే నింపవలెనను నియమము దీనికి లేదు. మాటిమాటికి అడుగంటించుటయే దీనికి చేటు. నూటికి 20కి దిగనీయక, 80 దాటనీయక వాడినచో ఎక్కువకాలము మన్నును. నిత్యము తీగతోనే నడచు యంత్రములో 80 వద్ద ఛార్జి ఆపు ఏర్పాటు ఉన్నదేమో చూచి పెట్టుకొనుడు. పఱుపుమీద, దిండుమీద పెట్టినచో గాలి ఆడక యంత్రము వేడెక్కును. మా సీమ ఎండలలో కారులో విడిచిపోవుట అంతకంటె కీడు.

చివరిమాట పాత బ్యాటరీని గూర్చి. టచ్‌ప్యాడు లేచినను, మూత సరిగా మూతపడకున్నను, యంత్రము బల్లమీద ఊగుచున్నను ఉబ్బినట్లు అనుమానింపవలెను. ఛార్జి చేయరాదు, నొక్కరాదు, సూదితో గ్రుచ్చి గాలి తీయజూడరాదు. ఆర్పి, మండు వస్తువులకు దూరముగా ఉంచి, పని తెలిసినవానిచేత తీయింపవలెను. తీసినదానిని చెత్తబుట్టలో గాని, కాలువలో గాని, పెంటమీద గాని వేయరాదు. బ్యాటరీ మీద అడ్డగీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ ఉండుట ఇందుకే. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నియమములు, వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధిచేయించు బాధ్యతను తయారీదారుల మీద పెట్టినవి. ఇంటి చెత్తతో కలుపక వేఱుగా అప్పగించు బాధ్యతను మన మీద పెట్టినవి. క్రొత్తది కొన్న అంగడివానినే పాతది తీసికొందువా యని అడుగుడు.

మా పిల్ల కొఱకు రెండవమారు బ్యాటరీ కొనుటకు పట్టణము పోయినప్పుడు నేనును వెంట వెళ్ళితిని. తల్లియు వచ్చినది, ఈసారి డబ్బు తన చేతితోనే ఇచ్చెదనన్నది. అంగడివాడు డబ్బా తెచ్చి బల్లమీద పెట్టెను. పిల్ల పార్టు నంబరు సరిచూచినది. నేను జేబులోని కాగితము మీద గుణకారము చేసితిని, సరిపోయినది. ఇంకేమి అడుగవలెనా యని నేను ఆలోచించుచుండగా, అంతవఱకు మాటలాడని ఆ తల్లి డబ్బాను చేతిలోనికి తీసికొని, "ఇది ఎప్పుడు చేసిందండి?" అని అడిగినది.

అంగడివాడు ఒక్క క్షణము ఆమె వంక చూచి, డబ్బా త్రిప్పి, తేదీ మీద వ్రేలుంచి చూపెను. మూడు నెలలనాటిది.

"మా దగ్గర కొనేవాళ్ళు ఇలాగే అడుగుతారండి" అని ఆమె కొంగుముడి విప్పి డబ్బు లెక్కపెట్టినది.